పిన్నీసంత సందు

ఏడాదిలో మూడు సెల్ఫు మోటార్లు తినింది నా నీళ్ళ బండి.
మొదటిది బళ్ళారిలో ఏసినారు, రెండోది అనంతపురంలో.
మూడోదాని పండ్లూడిన రోజు
ఉరవకొండలో బళ్ళారి రోడ్డు మీద
హుసేనప్ప రేకుల షెడ్డు ముందరికి
పిల్లోళ్ళతో తోయించుకొని వచ్చి నిలిపినా.

ఆయన బండిని చూడలా. నన్నడిగినాడు:
"కీచుమనేది ఎప్పుడుమా?
ఇంజను అందుకోకముందా, అందుకున్నాకనా?"

ఆర్నెల్లుగా ఆ కీచు నా పండ్ల సందుల్లోనే ఉంది.
అయినా ఎవురూ అడగలా ఈ మాట.
కండ్లు మూసుకొని
గాలిలోనే తాళం తిప్పినా, వదిలినా.
"అందుకున్నాక. తాళం వదిలేటప్పుడు."

"అట్లయితే ఇరుకు" అన్నాడు.
"ముందే అరిచింటే ఎడం.
మోటారు మంచిదేమా, మూడూ మంచివే.
కూర్చోబెట్టిన తీరే బాగలేదు."

బ్యాటరీ తీగ ఊడబీకి పక్కనబెట్టి
మోటారుకు కొత్త గేరెక్కించి
గోతాం పరుచుకొని బండి కిందికి దూరినాడు.
నేనూ దూరినా, కొంగు నడుముకు దోపి.
ఎదురు టీ అంగట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.
ఆగనీ.

కింద రేకు విప్పితే
పెద్ద చక్రం చుట్టూ పండ్ల వరస,
మోటారు మూతిలో చిన్న గేరు.
స్క్రూడ్రైవరుతో చిన్నదాన్ని నెట్టి
పెద్దదాని పండ్లలో కూర్చోబెట్టి
"సన్న తీగ ఏమన్నా ఉంటే ఇయ్యి" అని చెయ్యి చాపినాడు,
నా మొగం చూడకుండానే.

నా దగ్గర తీగ యాడిది?
గాజుకు తగిలించుకున్న పిన్నీసుంది.
విప్పి, తిన్నంగా లాగి ఇచ్చినా.

ఈ పంటి కొనకూ ఆ పండ్ల నడుమ గుంతకూ మధ్యన
పిన్నీసు దూరాల. దూరలా.
"నువ్వే చూడు" అని నా చేతికిచ్చినాడు.
కొన కూడా పట్టలా.
రెండు ఇనుములు ఇంత గట్టిగా కావిలించుకోనుంటే
విడిపొమ్మన్నప్పుడు అరవక ఏం చేస్తాయి?

బోల్టులు వదులు చేసి
పాత నూనె డబ్బా రేకు కత్తిరించి
మోటారుకూ ఇంజనుకూ నడుమ ఒక ముక్క పెట్టి బిగించినాడు.
పిన్నీసు కొన దూరింది, నడుం దూరలా.
ఇంకో ముక్క.
ఇప్పుడు దూరింది, గీరుకుంటా,
కొత్త గాజు పిడికిలి దాటినట్ల.

"మూడోది గూడా పెడితే ఇంకా సుకంగా తిరుగుతుందేమో?"
"వద్దుమా. అందీ అందక కొరుక్కొని చస్తాయి."

చక్రం తిప్పి ఒకచోట చూసినాడు,
మళ్ళీ తిప్పి ఇంకోచోట.
"గుండ్రంగుందని మనమనుకుంటాం.
దానికి యాడ దెబ్బ తగిలిందో ఎవురికి తెలుసు?"

గేరు దుడ్లు, ఇన్నూరు కూలి.
ఎండకు షెడ్డు ముందర తడపను నాలుగు బిందెల నీళ్ళు.

తెల్లారి నాలుగున్నరకు తాళం తిప్పినా.
ఇంజను అందుకునింది. వదిలినా.
యామీ లేదు.
ఊపిరి బిగబట్టి మళ్ళీ ఆపి, మళ్ళీ తిప్పినా.
యామీ లేదు.

డీజిలు మిగలాలని సందు సందుకూ బండి ఆపి
మళ్ళీ ఎత్తడం నాకలవాటు.
పాతపేట మొదటి సందులో గొట్టం పట్టుకొని నిలబడితే
ఒక్క బిందె రాలా, ఒక్క తలుపు తెరవలా.
యా పొద్దుకో ఎర్రిస్వామి పెండ్లాం వన్నూరమ్మ
కల్లాపి చల్లను వచ్చి ఉలిక్కిపడింది:
"ఎప్పుడొచ్చినావు తిప్పక్కా? అరుపు యాడ పోయింది?"

ఆర్నెల్లుగా ఆ కీచుకే లేస్తాండారంట.
పక్క సందులో అరిస్తే బిందెలు కడుక్కోవాల,
తమ సందులో అరిస్తే
పాలు తాగే బిడ్డనైనా పక్కలో పండబెట్టి పరిగెత్తాల.
నాకెవురూ చెప్పలా.

గాజు తడుముకున్నా. పిన్నీసు
మసిబారి, వంకర పోయి,
ఎంత నొక్కినా మూసుకోకుండా ఉంది.

ఈ పేటంతా లేపాలంటే ఇంక హారనే దిక్కు.
అది పలికి రెండేండ్లాయె.