తెగిన అంచు

తిరుపతిలో మా గది చల్లగా ఉంటుంది.
తలుపుకు గడియ, గోడవార పచ్చ తెర,
గౌను ముడి వేసుకోవడానికి ఒక అద్దం.
బొమ్మ మసకైతే మళ్ళీ తీస్తాను,
అంచు తెగితే మళ్ళీ తీస్తాను.
ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా చూస్తారు.
సాయంత్రంలోగా కాగితం చేతికొస్తుంది.

నెలలో నాలుగు రోజులు
ఇదే నేను బస్సెక్కి బంగారుపాళ్యం వైపు వెళ్తాను.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
జనరేటర్ దడకు మిషన్ వణుకుతుంది.
పొద్దుగూకేలోపు అరవై మంది, అని పైనుంచి లెక్క.
అందులో ఎన్ని బొమ్మలు పనికొచ్చాయో రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.

జూన్‌లో, తోతాపురి కాయ దిగే రోజుల్లో
దొరసానమ్మ వచ్చింది.
మోచేతుల దాకా పసుపు,
వేళ్ళ సందుల్లో సొన కాల్చిన పుండ్లు.
రైక విప్పమంటే తలుపు వైపు చూసింది.
"అద్దగంట కూలి కోస్తారు మేడమ్మా, బెరీన కానీ."
ఎడమ భుజం కిందికి దిగలేదు.
పదేళ్ళు క్రేట్లు మోసిన భుజం,
వదులు చెయ్యమంటే ఇంకా బిగిసింది.

"కదలొద్దు, ఊపిరి బిగబట్టు."

తెర మీద కింది అంచు తెగింది.
చూశాను.
బయట సూపర్‌వైజర్ విజిల్,
మెట్ల దగ్గర ఇంకా పదిహేడు మంది,
డీజిల్ అయిపోవస్తోందని డ్రైవరు.
"బాగుందమ్మా, పో" అన్నాను.
బొమ్మ బాగుందని కాదు,
ఒళ్ళు బాగుందనీ కాదు,
వరస కదలడానికి అన్న మాట అది.
ఆమె దాన్ని కొంగున ముడేసుకుని పోయింది.

ఫిబ్రవరిలో తానే తిరుపతికి వచ్చింది,
రెండు బస్సులు మారి.
చేతిలో మేమిచ్చిన చీటీ,
మడతల దగ్గర చిరిగితే టేపు అతికించి.
నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టుకుంది.
"ఈడే మేడమ్మా. ఆపొద్దు గూడా ఈడే ఉండె.
మీరు బాగుందంటిరే, ఇంక మర్చిపోతి."
తిట్టలేదు.

చెప్పాను.
అంచు తెగిందని. చూశానని. తీయలేదని.
మిషన్ వంక చాలాసేపు చూసింది.
"తిరపతోళ్ళకైతే మళ్ళా తీస్తారా?"
"తీస్తాం."
"ఊ" అనింది.

ఇప్పుడు బస్సులో రోజుకు ముప్పై ఎనిమిది మందే.
లెక్క తగ్గిందేమని మెమో వచ్చింది.
మూడు కాగితాలు చించి
నాలుగోదానిలో భుజాల గురించి రాశాను:
బరువు మోసే భుజానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుందని,
ఆ అరగంట కూలి కోయకుండా ఫ్యాక్టరీ చేత సంతకం పెట్టించమని,
ఫలితం మొగుడి ఫోనుకు కాదు, ఆమె చేతికే అందాలని.
జవాబు ఇంకా రాలేదు.

నిన్న యాదమరిలో, పాలకేంద్రం ముందు
మునిరత్న మెట్లెక్కింది, దొరసానమ్మ తోడికోడలు.
తలకు గుడ్డ చుట్టుకుని దొరసానమ్మ
బస్సు నీడలో కూర్చుని ఉంది.
మొదటి బొమ్మ మసక.
"మళ్ళీ తీయాలమ్మా" అన్నాను.
వరసలో ఎవరో గొణిగారు.
కింద నుంచి దొరసానమ్మ గొంతు:
"ఉండండే, తోసుకోబాకండి.
మళ్ళా తీస్తావుండారు."