రాసిపెట్టింది నేనే

పదో తరగతి పరీక్షలు నేను రెండుసార్లు రాశాను.
మొదటిసారి రాసినవి నావి కావు.

అప్పుడు నాది తొమ్మిది.
ఒక జత వేళ్ళు కావాలని హెడ్మాస్టరు క్లాసుకొచ్చి అడిగితే
దస్తూరి బాగుంటుందని అందరూ నన్ను ముందుకు తోశారు.
ఆత్మకూరు జెడ్పీ హైస్కూల్లో
ఆటసామాన్ల గది పక్కన ఇరుకు గది,
గాలి తీసిన వాలీబాలు, ఒక ఇన్విజిలేటరు,
తలకి స్కార్ఫు బిగించి కట్టుకున్న షేక్ గౌసియా.

మద్రాసు ఆసుపత్రిలో ఎక్కించిన మందు
నెత్తుట్లో చెడ్డ కణాల్ని వెతుక్కుంటూ పోతూ పోతూ
వేళ్ళ కొసల్ని కూడా మొద్దుబార్చి పోయిందట.
పెన్ను జారి కింద పడేది. వంగి తీసేది. మళ్ళీ పడేది.
"పడింది పెన్నే గదా మే" అనేది.

పేపరు ఇచ్చేముందు అరచేతులు రెండూ పైకి చాచి
పెదాలు కదిపేది.
మా అమ్మేమో పెంచలకోన కుంకుమ నా పెన్నుకి పూసి పంపేది.
"నా పరీక్షకి మీ కుంకుమ పనిచేస్తుందంటావా?"
"పెన్ను ఒకటే గదక్కా."
ఇన్విజిలేటరు కూడా నవ్వాడు.

తెలుగు పేపర్లో 'ఏకైక' అడిగారు.
గుణసంధి, అంది.
నా పెన్ను ఆగింది.
కాగితానికి వెంట్రుకవాసి దూరంలో, అంతే.
ఆమె నా చేతినే చూస్తా ఉండింది.
"ఆగావంటే తప్పన్నమాట."
నేను మాట్లాడలేదు.
"వృద్ధిసంధి గదూ... ఇప్పుడు గుర్తొచ్చింది.
అయినా గుణసంధే రాయి.
నువ్వు ఆగబట్టి గుర్తొచ్చింది, అది నాది కాదు.
ఆ సారు చూడకపోయినా పైన సారు చూస్తుండాడు."
రాశాను.
నా దస్తూరిలో అంత అందమైన తప్పు మళ్ళీ పడలేదు.

జీవశాస్త్రంలో తెల్ల రక్తకణాల ప్రశ్న.
రెండు మార్కులకి రెండు పేజీలు చెప్పబోయి
"సొంత విషయం గదా" అని తనే తగ్గించుకుంది.

సాంఘికం రోజు ముక్కునుంచి ఒక చుక్క
జవాబు పత్రం మీద.
ఇన్విజిలేటరు కుర్చీ తోసి లేచాడు.
ముక్కు ఒత్తిపట్టుకుని, గొంతు మారిపోయి,
రుతుపవనాల గురించి చెబుతూనే ఉంది.
"మరక చుట్టూ రాయి మే. వర్షాలు జూన్ మొదటివారంలో..."

ఆ మధ్యాహ్నం పంపు దగ్గర మొహం కడుక్కుంటూ చెప్పింది
రొట్టెల పండగ సంగతి.
స్వర్ణాల చెరువులో మోకాటిలోతున నిలబడి
వాళ్ళమ్మ ఖాదర్బీ ఆరోగ్యం రొట్టె కోసం కేకలేస్తుంటే
ఈమె చెయ్యి విడిపించుకుని
చదువు రొట్టె ఉన్నాయన దగ్గరికి పోయిందట.
"బతకడం సంగతి అమ్మ అడుగుతా ఉంది గదా.
ఒకే ఇంట్లోంచి ఇద్దరం ఒకటే అడిగితే
ఆయనకి మాత్రం విసుగు రాదా?"
మందుల నోటికి రుచి తెలియకపోయినా
నీళ్ళలోనే నిలబడి మొత్తం తిన్నదట.

రాసిపెట్టి ఉంటే అవుతుందంటారు పెద్దవాళ్ళు.
పదకొండు పేపర్లు రాసిపెట్టింది నేనే.
నాకు తెలుసు, అందులో నాదంటూ ఒక్క కామా లేదు.

ఫలితాలొచ్చాయి. పాసు.
ఎంతో చెప్పను, ఆమె చెప్పొద్దంది,
ఒక్క సంధి తగ్గిందని ఇంకా గుర్రు.

ఆ ఏడాది చెరువుకి నన్నూ తీసుకుపోయారు.
ఈసారి గౌసియా ఇచ్చేవాళ్ళ వైపు.
వేళ్ళకి ఇంకా పట్టు రాలేదు,
చదువు రొట్టెని రెండు అరచేతుల మధ్య అదుముకుని నా ముందుకు చాచింది.
"వచ్చే మార్చి నీది. తిను."
పది అడుగుల అవతల ఖాదర్బీ
తడిసిన కొంగుతో ఇంకా అడుగుతూనే ఉంది,
ఆరోగ్యం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా అని.

"అడుగు మా, గట్టిగా అడుగు" అని కేకేసి
గౌసియా తన మణికట్టుని నా మోచేతికి తగిలించి
గట్టువైపు లాగింది.
ఇంటర్ పుస్తకాలకి అట్టలెయ్యాలట.
చీకటి పడకముందే.