యాభై మీటర్లు

ఇల్లు కాలాక కాదు, ఈసారి
ముందే వచ్చాయి బావికి డబ్బులు.
లిస్బన్ సర్కారు పంపిన కాగితంలో
"సిబ్బంది ఎంతమంది?" అని ఒక గడి.
జెఫెరీనో రాశాడు: నలభై రెండు మేకలు, నేను.

కొండవాలంతా మేస్తున్నాయవి,
తుప్పల్నీ, ఎండిన ఫెర్న్ ఆకునీ.
రేపటి మంటని
ఇవాళే నెమరేస్తున్నాయి.

మిగిలినదాంతో ఒక రంపం, రెండు నీళ్ల గొట్టాలు,
చర్చి గంటకి కొత్త తాడు.
మూడుసార్లు మోగితే మంచాలొదిలి మైదానానికి.
చెవులు వినపడని అర్మిందో తలుపు బాదే పని
పదకొండేళ్ల గ్రాసిందాది.

చివరి ఇల్లు దియొలిందాది.
గడప దగ్గర టేపు పట్టి నడిచారు.
నలభై ఏడు దగ్గర అడ్డొచ్చింది యూకలిప్టస్,
పెళ్లయిన ఏడాది ఆయన నాటింది.
"పెరటి గుమ్మం నుంచి కొలవండి," అంది.
కొలిచారు. యాభై ఒకటి.
కుర్రాడు అదే రాసుకున్నాడు, తలెత్తకుండా.

రాత్రి గాలి తిరిగింది.
పొద్దున్నే ఆవిడే వచ్చింది, చెప్పుల్లేకుండా.
"గాలికి పెరటి గుమ్మం తెలీదులే. కొట్టేయండి.
కట్టెలు మాత్రం నాకే.
కాలితే నా పొయ్యిలోనే కాలాలి
ఆయన చెట్టు."

జెఫెరీనో సరేనన్నాడు.
వెనక ఏదో మేక తుమ్మింది.