డెబ్భై ఐదు కిలోలు

స్వాకోప్‌ముండ్‌లో పొగమంచు ఇంకా లేవలేదు.
రియాన్ కొట్టు ముందు మా పాత హైలక్స్
తడిసిన గాడిదలా నిలబడింది.
పదిహేడేళ్ల బండి.
పైకప్పు అంచున, వాన నీళ్లు జారే గాడి పక్కన
బొటనవేలంత తుప్పు.

"ఈ కప్పు ఎంత మోస్తుంది?" అన్నాను.
"ఆగి ఉన్నప్పుడా సిస్టర్ నెలాగో, కదిలేటప్పుడా?"
అలా విడదీసి అడగొచ్చని నాకు తట్టనే లేదు.
ఆగి ఉంటే నలుగురెక్కి కబుర్లు చెప్పుకోవచ్చట.
కంకర రోడ్డు మీద కదిలిందా,
డెబ్భై ఐదు కిలోలు,
ఆపైన ఒక్క నీళ్ల డబ్బా కూడా కాదు.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసేదాన్ని,
నిలబడి మోసేదీ నడుస్తూ మోసేదీ ఒకటి కాదని
నా నడుం రోజూ చెబుతూనే ఉంది.

ఇనప ర్యాక్ నలభై రెండు.
అల్యూమినియంది ఇరవై ఆరు, ధర రెండింతలు.
తేలికకే ఖరీదెక్కువ
అని కాగితం మీద రాసి కింద గీత గీశాను.
గట్టి డొప్ప టెంటు అరవై నాలుగు,
నోరు తెరిచిన ఆల్చిప్పలా పైకి లేస్తుంది.
గుడ్డది నలభై ఎనిమిది. విప్పడానికి పావుగంట,
గాలిలో మడవడానికి
ఇద్దరు మనుషులు, కొన్ని బూతులు.

ఇరవై ఆరూ నలభై ఎనిమిదీ కలిపాను.
మిగిలింది ఒక్క కిలో.
అందులో రెండు పరుపులూ దుప్పట్లూ ఇమడాలి.
పాత బండి నెత్తిన కొత్త కుంపటి.

నాన్న అప్పటిదాకా మాట్లాడలేదు.
ముప్ఫై ఒక్కేళ్లు గ్రేడర్ నడిపిన మనిషి.
కమంజాబ్ దాటాక ఉత్తరాన ఉన్న మట్టిరోడ్లన్నిటికీ
పాపిడి తీసింది ఆయనే.
నిచ్చెన మెట్లు లెక్కపెట్టాడు. ఏడు.
"పడుకోవడానికి పైకెక్కడమేంటి, మనమేమన్నా కోళ్లమా?
అర్ధరాత్రి ఒంటేలుకి దిగాలంటే?"
మోకాలు తట్టి, "దీన్నడుగు" అన్నాడు.

"కింద తేళ్లు సార్. హైనాలు" అన్నాడు రియాన్.
"గ్రేడర్ బ్లేడు పక్కన పడుకునేవాణ్ణి.
తేలే నాకు దారిచ్చేది."

ఇంకో మాట కూడా అన్నాడు, నాతో, నెమ్మదిగా:
ఇల్లు బండి మీదుంటే
పొద్దున అగ్గిపెట్టె కొనాలన్నా
ఇల్లంతా మడవాలమ్మా.

అల్యూమినియం ర్యాక్ ఒక్కటే బిగించారు,
నాలుగు క్లాంపులు, పదహారు బోల్టులు.
నేల మీద వేసుకునే కాన్వాస్ టెంటు వెనక పడేశాం.
రియాన్ మొహం కాస్త చిన్నబోయింది. అయినా
ఇసుకలో దిగే పొడుగు మేకులు
గుప్పెడు ఊరికే ఇచ్చాడు.

మూడో రాత్రి.
ఎండిన ఏటి గట్టు మీద ఆగాం, ఏట్లో కాదు.
ఎండిన ఏటిని నాన్న నమ్మడు.
ఒక మేకు రాతికి తగిలి వంగింది.
చేప డబ్బా, మొక్కజొన్న గంజి, నిద్ర.

ఏ ఝాముకో మెలకువొచ్చింది.
పక్కన దుప్పటి లేదు, మనిషీ లేడు.
ముందు చక్రం దగ్గర చెప్పులు
జంటగా, బుద్ధిగా ఉన్నాయి.
పైన, ర్యాక్ పలకల మీద, నిటారుగా
నాన్న.

"కోడివా?" అన్నాను.
చాలాసేపు జవాబు లేదు.
"గ్రేడర్ మీద కూచుంటే
ముందున్న ఇరవై అడుగులే చూడాలి.
తలెత్తితే రోడ్డు వంకర పోతుంది."

ఆ పైన ఎన్ని చుక్కలున్నాయో నేను చెప్పను.
ముప్ఫై ఒక్కేళ్లవి, బాకీ.

"మోకాలో?"
"టైరు మీద కాలేశా, తర్వాత బానెట్టు,
ఆ తర్వాత గుర్తులేదు."
"మరి దిగడం?"
"పొద్దున చూద్దాం."

నాన్న డెబ్భై ఒకటి, ర్యాక్ ఇరవై ఆరు, దుప్పటి రెండు.
తొంభై తొమ్మిది.
బండి ఆగే ఉంది.
అయినా నాలుగు క్లాంపులూ
చీకట్లో చేత్తో తడిమి చూసి
టెంట్లోకి వెళ్లి పడుకున్నాను.