మెట్టుగూడ, పిల్లల బెంచీ

నలభై రెండేళ్లవాణ్ణి,
పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాను.
ముగ్గురు కలిసి ఒక్క దేవుడెలా అంటే
శౌరీలమ్మ టీచరు
"నాకూ పూర్తిగా తెలీదు,
ముందు సిలువ గుర్తు వేసుకో" అంది.

మౌలాలి గూడ్సు పోయేదాకా ఆగి
అప్పం గురించి మొదలెట్టింది:
"నోటు చూడు, కాగితమే కదా..."
కాదు, తప్పు పోలిక. తనే కొట్టేసుకుంది.
"కంటికి అప్పమే. మిగతాది ఆయన మాట."

పాపసంకీర్తనంలో అన్నీ చెప్పాలా?
"దాచినవి ముందు."

విశ్వాస ప్రమాణం చివరికొచ్చాం:
శరీరం మళ్లీ లేస్తుందట.
నారాయణగూడలో, గోడవారగా, నా రెజీనా.
"టీచర్, ఆమె మోకాలి నొప్పి కూడా లేస్తుందా?"

పుస్తకంలో లేదు.
అట్ట మూసి,
ఫ్లాస్కులో అడుగున మిగిలిన చాయ్
మూతలోకి వంపి
నా వైపు జరిపింది.