ఒక మిల్లీమీటరు

ఊండేలో జిన్నింగు మిల్లు వెనక గది నాది.
ఉత్తరపు కిటికీ, నల్లగుడ్డ పరిచిన బల్ల,
ఇరవై రెండేళ్ళుగా ఈ రెండు బొటనవేళ్ళు.

చిటికెడు దూది తీసుకుంటాను.
లాగుతాను, పేరుస్తాను, మళ్ళీ లాగుతాను
పోగులన్నీ ఒక దారికి వచ్చేదాకా.
నల్లగుడ్డ మీద పెడితే
ముసలివాడి మీసంలా పడుకుంటుంది పింజ.
స్కేలు తరవాత. ముందు వేళ్ళకి తెలుస్తుంది.

కొత్త విత్తనం వచ్చిన ఏడు
నా వేళ్ళు ఒకసారి ఆగాయి.
ఎవరికీ చెప్పలేదు.

ఎందుకంటే అంతకు నాలుగు నెలల ముందు, ఆగస్టులో
తమ్ముడు నొరాగో ఇంటికి వెళ్ళాను.
ప్రతి ఆగస్టులోనూ వాడు చాప మీద ఉండేవాడు,
పురుగుమందు కొట్టిన రాత్రి
కళ్ళ మీద తడిగుడ్డ, నోట్లో ఇనుము రుచి,
జొన్న సంకటి ముద్ద ముట్టేవాడు కాదు.
ఆ ఏడు గాడిదబండి ఇరుసుకి గ్రీజు పూస్తూ
ఈల వేస్తున్నాడు!

ఆరుసార్లు కొట్టేది రెండుసార్లయిందట.
మరదలు తిపొకో లెక్క వేరు.
"పంపులో పోసే నీళ్ళు మోసేది నేను కదా బావగారూ,
నాలుగు తడవలు తప్పాయంటే ఎన్ని బిందెలో
నా మెడని అడుగు."

పురుగు ఆకు కొరికి, కొరికిన చోటే చస్తోందట.
మట్టిలో బతికే ఏదో క్రిమి గుట్టు
తెచ్చి విత్తనంలో కుట్టారట.
లాలే అడిగింది, పదేళ్ళది:
"పెదనాన్నా, మరి మేక తింటే?"
మేకకేం కాదన్నారు.
"ఎవరు?"
విత్తనం అమ్మినవాళ్ళు.
"ఆహా" అంది.
పదేళ్ళ పిల్ల అనే ఆహా కాదది.
(మేక మాత్రం బానే ఉంది. ఆ మాటా చెప్పాలి.)

సంచీ మీద ధర
నొరాగో రెండుసార్లు చదివించుకున్నాడు.
అప్పు మీద ఇచ్చారు కనక తీసుకున్నాడు.
మరుసటేడు వాన తప్పింది.
పురుగు రాలేదు, పంట రాలేదు,
అప్పు ఒక్కటే మొలిచింది.
ఆ తరవాతి ఏడు మళ్ళీ కాసింది, విరగకాసింది,
మెట్టలన్నీ తెల్లబడ్డాయి,
జనం పేలాల్లా నవ్వారు.
ఏకై వచ్చిందో మేకై కూర్చుందో
ఏ ఏటికి ఆ ఏడు ఒక్కో మాట.

మా అమ్మ కదురు దగ్గరికి పిడికెడు తీసుకెళ్ళాను.
చూపు పోయింది ఆమెకి. తిప్పింది. తెగింది.
మళ్ళీ తిప్పింది.
"ఈ పత్తికి ఊపిరి చాలదురా" అంది,
ఇంకేం అనలేదు.

సముద్రం అవతలి మిల్లులనుంచి ఉత్తరాలొచ్చాయి.
పింజ పొట్టి, ధర తగ్గించాం, ఇట్లు.
ఎంత పొట్టి?
ఒక మిల్లీమీటరు, కొన్ని బేళ్ళలో ఇంకాస్త.
గోటి కింద మట్టి అంత.
మేనేజరు పిలిచాడు: "నీకు ముందే తెలుసా?"
వేళ్ళకి తెలుసన్నాను.
"నోటికి?"
నోట్లో ఇనుము రుచి గుర్తొచ్చింది. నాది కాదు, తమ్ముడిది.
ఆ సంగతి ఆయనకెలా చెప్పను?

చివరికి చెప్పాను. పొట్టి అని రాసి సంతకం పెట్టాను.
నా కాగితం ఒక్కదాంతోనే పోలేదనుకోండి,
అలాంటివి మేజా నిండా ఉన్నాయి.
పాత విత్తనం తిరిగొచ్చింది.
గోడ మేకుకి వేలాడుతున్న పంపు
నొరాగో దించి బూజు దులిపాడు.
నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

మొన్న వాడి పత్తి నా బల్ల మీదికొచ్చింది.
లాగాను. పేర్చాను.
ఎంత పొడుగో! పట్టు మెరుపు.
మొదటి తరగతి అని రాసి
చాలాసేపు కలం మూత పెట్టలేదు.

ఆదివారం వెళ్ళాను.
బిందెలు మోసేది ఇప్పుడు లాలే.
పద్దెనిమిదేళ్ళు, నా ఎత్తు.
లోపలినుంచి దగ్గు వినిపిస్తోంది.
బిందె దించి, తలచుట్ట విప్పుతూ అడిగింది:
"ఎంత తేడా పెదనాన్నా, అసలు?"

బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి చేర్చి
సందు చూపించాను.
ఒక కన్ను మూసి, వంగి,
ఆ సందులోంచి
నన్ను చూసింది.