తూముకి ఫోను, పుట్టికి ఆటో

పొగతోటలో మా ఆసుపత్రి
డిశ్చార్జి కౌంటర్లో
మందుల కవరుతో పాటు ఇచ్చే ఆ పుస్తకం
గీసింది నేనే.
పదహారు పేజీలు, మెరిసే కాగితం.
అందులో నీలం టీషర్టాయన
మోకాలెత్తు మంచం మీంచి పక్కకి ఒత్తిగిలి లేస్తాడు,
కమోడ్ మీద కూచుంటాడు,
లేతాకుపచ్చ పార్కులో ఇరవై నిమిషాలు నడుస్తాడు.
వంగడు. ఎక్కడా వంగడు.
ఆయన ముఖానికి చెమట గీయాలని
నాకు తట్టలేదు.

విడవలూరులో వెంగమ్మ
ఆ పుస్తకాన్ని బియ్యం డబ్బాకి మూత చేసింది.
నడుములో నాలుగు మరలు, రెండు కడ్డీలు,
ఆపరేషనయి ఇరవై మూడో రోజు.
టేపు పట్టుకుని వెళ్ళి
"వాడుతున్నారా అమ్మా" అంటే
"వాడతా ఉండా గదా, చీమలు పట్టటంలా" అంది.

నులక మంచం నడిమధ్య జానెడు గుంట.
గ్యాసు వచ్చింది గానీ
పొయ్యి ఇంకా నేల మీదే.
స్నానాల దొడ్డి గడప తొమ్మిదంగుళాలు,
రెండుసార్లు కొలిచాను.

"ముప్పయ్యేళ్ళు మొలగొలుకులు నాటినదాన్ని.
వరికి వెన్ను వంగితే పంటంటారు,
నాకు వంగితే తప్పంటుండారు.
సరే, వంగను.
ఈ బెల్టు కట్టుకోమన్నారే,
లంగా బొందు దానికి పైన ముడెయ్యాల్నా, కిందా?"

నోరు తెరిచి, మూశాను.
ఇద్దరు సర్జన్లు, ఒక మత్తు డాక్టరు,
రోజూ చీర కట్టే నేను,
ఎవరమూ ఆ ముడి గురించి ఆలోచించలేదు.
కుట్ల పక్కనే
ఎర్రగా ఒరుసుకుపోయిన గీత.

నొప్పి పదికి ఎంత అని అడిగాను.
సున్నా దగ్గర నవ్వే బొమ్మ,
పది దగ్గర ఏడ్చే బొమ్మ.
"పదికా?" కోడలు సుజి వైపు చూసి నవ్వింది.
"మార్కులెయ్యడం నాకు రాదు, కొలిచి చెప్తా, రాసుకో.
లేవంగానే సోలెడు.
గిన్నెలు తోమితే మానెడు.
మధ్యాన్నం పడుకోని లేస్తే కుంచెడు.
బస్సెక్కి నీ దగ్గరికొస్తే తూమెడు.
ఆపరేషనుకు ముందా, పుట్టెడు."
కాసేపాగి తనే అంది:
"తూముకి ఫోను చెయ్యాల. పుట్టికి ఆటో ఎక్కాల.
అట్టా రాయి."

ఇరవై నిమిషాలంటే?
"కాలవ గట్టున ఐసు ఫ్యాక్టరీ దాకా పోయి రావడం.
మొదటి వారం చర్చి మెట్ల కాడికే."

తర్వాత సుద్దముక్క ఇప్పించింది.
"ఇల్లు నే చెప్తా, నువ్వు గియ్యి."
గచ్చు మీద నేను వంగి గీస్తున్నాను,
తలుపు రెక్క పట్టుకుని ఆమె నిటారుగా నిలబడి ఉంది.
ఇక్కడ మంచం, నులక ఊడదీసి చెక్క.
పొయ్యి కింద ఇటుకలు, నా నడుమెత్తు దాకా.
చెంబు గూట్లో.
ఈ గోడకి మేకు, మేకుకి తాడు, పట్టుకు లేవడానికి.
"ఆడ కాదమ్మా. తుడిపెయ్యి."
తుడిపేశాను. మళ్ళీ గీశాను.
మూడోసారికి నా నడుం పట్టేసింది.
"ఎంతుంది?" అంది వెంగమ్మ.
"మానెడు."
"రాసుకో మరి."

కొత్త పుస్తకం ఇంకా అచ్చుకి పోలేదు.
నీలం టీషర్టాయన్ని పంపించేశాను.
బొందు ముడికి ఒక పేజీ పూర్తిగా ఇచ్చాను;
పెద్ద డాక్టరు గారు ఆ పేజీ దగ్గర దగ్గి,
సంతకం పెట్టారు.
మంచానికి చెక్క ఎవరు కొనిస్తారో
ఏ పేజీలోనూ లేదు.

తొమ్మిదంగుళాల గడప
ఎలా గీసినా తొమ్మిదంగుళాలే.
ఆ పేజీలో బొమ్మ తీసేసి
మేస్త్రీ బాలకోటయ్య నంబరు వేశాను.